‘ఇష్టమేనా?’ అన్న గడి

నలభై టిక్కులు పెట్టడానికి నాకు రెండు నిమిషాలు చాలు. బస్సులో నిలబడి కూడా పెట్టేస్తాను. బట్టల ఫ్యాక్టరీలో లైన్ లీడర్ని నేను. మా కుట్టుమిషన్ల లైన్లో నాతో కలిపి నలభైమంది ఆడవాళ్ళం. షిఫ్టు అయిపోయాక రోజూ అరగంట, మిగిలిన గుడ్డముక్కలతో చేతిసంచులు కుడతాం. ప్లాస్టిక్ తగ్గాలని కంపెనీ వాటిని ఊరంతా ఉచితంగా పంచుతుంది. ఆ అరగంటకి జీతం లేదు, అది సేవట. ఏడాది చివర్లో వేసే రంగురంగుల పుస్తకంలో ‘మా మహిళలు భూమి కోసం ఇష్టంగా ఇచ్చిన గంటలు’ అని ఓ పేజీ ఉంటుంది. ఆ ఇష్టాన్ని నెలనెలా తయారుచేసేది నేనే. కాగితం మీద పేర్లు, పక్కన ‘ఇష్టమేనా?’ అని ఒక గడి, అన్నిట్లో ఒకే పెన్నుతో టిక్కు. నాకు ముందున్న లైన్ లీడరూ అంతే చేసింది. ఎవరూ ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు.

సంచుల మీద నాకేం కోపం లేదు. చెత్తలోకి పోయే ముక్కలు ఎవరి చేతిలోనో కూరగాయలు మోస్తున్నాయంటే సంతోషమే. ఒళ్ళు మండేది ఆ అరగంటకి. దాంతో నా బస్సు పోతుంది. తర్వాతి బస్సెక్కి ఇల్లు చేరితే మా ఆయన చెప్పులు కూడా విప్పనివ్వకుండా, “ఏంటింత లేటు? పిల్లకి ఆకలేస్తోంది” అంటాడు. పిల్ల తండ్రి ఇంట్లోనే ఉన్నాడు, చేతులు కూడా ఉన్నాయి. సంచుల సంగతి చెబితే, “కుట్టుపనేగా, నీకు సరదాయేగా” అని నవ్వాడు. అక్కడ సేవ, ఇక్కడ సరదా. పని అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు.

ఈ నెల కాగితం ఇస్తూ మా ఆఫీసరు, “మన బట్టలు కొనే కంపెనీ నుంచి మేడమ్‌లు వస్తున్నారు. ఇది చేత్తో పట్టుకుని ఒక్కొక్కర్నీ విడిగా అడుగుతారట. అందరూ ఇష్టమే అనాలని చెప్పి ఉంచు. ఒక్కరు తేడాగా మాట్లాడినా నిన్ను మళ్ళీ మిషన్ మీద కూర్చోబెడతాను” అన్నాడు.

చెప్పి ఉంచడానికే వెళ్ళాను, ఒట్టు. భోజనాల బల్ల దగ్గర కాలర్లు కుట్టే పెద్దక్క పక్కన చేరి, “నీకు ఇష్టమే కదక్కా?” అన్నాను. తింటున్నదల్లా ఆగి నా మొహంలోకి చూసింది.

“ఇన్నేళ్ళకి అడిగావా తల్లీ?”

ఎగతాళి కాదు, ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నాకు సిగ్గేసింది. “సంచులు ఇష్టమే, నడుమే ఒప్పుకోవట్లేదు. షిఫ్టులో కుట్టిస్తే పాడుకుంటూ కుడతాను” అంది. ఇక నేను ఆగలేకపోయాను. రెండ్రోజులు నా తిండి మానుకుని ముప్ఫైతొమ్మిది మందినీ అడిగాను. టిక్కుకి బదులు వాళ్ళ మాటే రాశాను. చంటిబిడ్డ తల్లి కాదంది. గుండీలు కుట్టే అమ్మాయి, “ఇష్టమే, ఇంట్లో కన్నా ఇక్కడే హాయి” అంది. అదీ రాశాను.

ఆఖరి గడి నాది. సాయంత్రం కాగితం వంటగట్టు మీద పెట్టుకుని నిలబడ్డాను. హాల్లో అత్తయ్య ఫోన్లో మా ఆడపడుచుతో, “మీ వదినకి పనంటే ప్రాణమే. ఎంత చేసినా విసుగన్నది లేదు” అంటోంది. ప్రేమగానే అంటోంది, అదే నా ఖర్మ. పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లోనూ నా గడిలో ఎవరో ఒకరు టిక్కు పెడుతూనే ఉన్నారు, నేను చూస్తూ ఊరుకున్నాను. మిషన్ మీదికి పంపితే పంపనీ, నాకేమన్నా కొత్తా? ‘కాదు. పని గంటల్లో అయితే అవును’ అని రాశాను. మా ఆయన్ని పిలిచి, “రేపట్నుంచి సాయంత్రం వంట మీరు మొదలుపెట్టండి, నేనొచ్చి కలుస్తాను” అన్నాను. వంటగదంతా ఓసారి చూసి, గిన్నెలెక్కడుంటాయని అడిగాడు. పన్నెండేళ్ళ కాపురం, గిన్నెలెక్కడుంటాయో తెలీదు. పోనీలే, అడిగాడు.

మర్నాడు ఆఫీసరు కాగితమంతా చదివాడు. మొహం ఎర్రబడింది. కానీ మేడమ్‌ల ముందు ముప్ఫైతొమ్మిది నోళ్ళు ఎలా మూయిస్తాడు? “షిఫ్టులోనే కుట్టించే సంగతి పైవాళ్ళతో మాట్లాడతాను” అని గొణిగాడు. చివరి పేరు మీద వేలు పెట్టి, “వాళ్ళంటే సరే. లైన్ లీడర్‌వి, నువ్వే కాదంటే ఎలా?” అన్నాడు.

“నన్నెవరూ అడగలేదు సార్” అన్నాను. “అందుకే నన్ను నేనే అడిగాను.”