వజ్రకూటంలో బాటసారి

లింగంపల్లి దాటాక ఉన్న ఆ పెద్ద కర్మాగారంలో కంప్యూటర్ విభాగానికి ఒక మర్యాద ఉండేది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి, గట్టిగా మాట్లాడకూడదు, టీ గ్లాసు కనబడితే విభాగం పెద్ద వెంకటరామయ్యగారు కళ్ళజోడు పైనుంచి చూసేవారు. జీతాల లెక్కలూ, స్టోర్ల లెక్కలూ పొద్దంతా నడిచేవి. భోజనాల గంట మోగాక మాత్రం యంత్రం ఖాళీగా హోరుమంటూ ఉండిపోయేది. డెబ్భై ఎనిమిదో సంవత్సరంలో ఆ ఖాళీ వేళల్లోనే రత్నమాల ఒక రాజ్యాన్ని కట్టింది.

రత్నమాలది నరసాపురం. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి ప్రోగ్రామరుగా చేరింది. ఆమె కట్టిన రాజ్యం పేరు వజ్రకూటం. కంప్యూటరుకు తగిలించిన టైపు మిషను లాంటి దాని ముందు కూర్చుంటే, అది కాగితం మీద టకటకమని "నువ్వెవరు?" అని కొట్టేది. యోధుడు, మాంత్రికుడు, వైద్యుడు, బాటసారి, ఈ నలుగురిలో ఎవరో ఒకరు కావాలి. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కొడుతూ ఎటైనా వెళ్ళవచ్చు. కోట, అంగడి, అడవి, చెరువు, గుట్టలు. ముందు ఇక్కడికే వెళ్ళాలన్న నియమం లేదు. గుట్టల్లోని గుహలో కరాళుడనే రాక్షసుడు వజ్రాన్ని కాపలా కాస్తుంటాడు. వాణ్ణి చంపినవాళ్ళు గెలిచినట్టు. ఆ పోరాటం రాయడానికి ఆమెకు ఎండాకాలమంతా పట్టింది.

ఆట పూర్తయ్యాక ఆమె మొదట కూర్చోబెట్టింది కనకలక్ష్మిని. ఇద్దరూ ఒకే రోజున ఉద్యోగంలో చేరినవాళ్ళు, పక్కపక్క బల్లలవాళ్ళు. కనకలక్ష్మిది ఖాజాగూడ. వాళ్ళ ఊరి నుంచి ఇంజనీరింగు చదివిన మొదటి ఆడపిల్ల.

కనకలక్ష్మి బాటసారిని ఎంచుకుంది. రత్నమాలకు నవ్వొచ్చింది. బాటసారికి కత్తి లేదు, మంత్రం లేదు. నలుగురు ఉంటే బాగుంటుందని ఊరికే పెట్టిన మనిషి.

"వాడు రాక్షసుణ్ణి చంపలేడే. యోధుణ్ణి తీసుకో."

"నాకెందుకే చంపుడు? జర ఊరు చూసొస్త."

ఆమె చూసి రావడం అంత తేలిగ్గా తేలేది కాదు. గుట్టలు రాగానే "అరె, మా ఖాజాగూడ రాళ్ళ లెక్కనే ఉన్నయి గదా!" అని మురిసిపోయింది. చెరువు దగ్గరికి వెళ్ళి ఆగింది.

"ఏందే రత్నా, గీ చెరువు అవతల ఏమున్నది?"

"ఏమీ లేదు. అక్కడ రాయలేదు."

"గట్లెట్ల? చెరువన్నంక అవతల గట్టుంటది గదా. రేపటికల్ల రాయి."

రత్నమాల రాసింది. గట్టు రాస్తే గట్టు మీద ఎవరున్నారని అడిగింది కనకలక్ష్మి. గాజులమ్మే ముసలమ్మను రాసింది. ఆమె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, కొండ అవతల ఊరొకటి రాయాల్సి వచ్చింది. రాక్షసుడి గుహ వైపు మాత్రం కనకలక్ష్మి తొంగి కూడా చూడలేదు.

ఆమెకు మరో అలవాటు ఉంది. కాగితం మీద పడిన ప్రతి మాటనూ పైకి చదివేది. ముసలమ్మ మాట్లాడితే ముసలమ్మ గొంతు, కోట కాపలావాడు మాట్లాడితే వాడి గొంతు. రత్నమాల రాసిన పొడి పొడి వాక్యాలు ఆ గొంతులో పడగానే నవ్వు పుట్టించేవి, ఒక్కోసారి గుండె పట్టుకునేవి. మొదట డిజైన్ విభాగం నుంచి వీరేశం వచ్చి నిలబడ్డాడు. తర్వాత అకౌంట్స్ పట్టాభిరామయ్యగారు టిఫిను క్యారియరు గుమ్మం బయట పెట్టి మరీ రావడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి ఆమె కుర్చీ వెనక నిలబడడానికి చోటు లేకుండా పోయింది.

"కనకలక్ష్మి ఆట మొదలైందా?" అని అడుగుతూ వచ్చేవాళ్ళు జనం.

ఆ మాట మొదటిసారి విన్నప్పుడు రత్నమాల నవ్వి ఊరుకుంది. రెండోసారి నవ్వలేదు. ఎవరి ఆట? గడ్డిపరక దగ్గర్నుంచి గుహ దాకా ఎవరు రాశారు? ఇంటికి వెళ్ళి అన్నం తింటున్నా అదే ఆలోచన. మర్నాడు కనకలక్ష్మి కట్టుకొచ్చిన చీర కూడా జనం కోసమే కట్టినట్టు కనబడింది. ఆమె నవ్వు మునుపటి కన్నా పెద్దదైనట్టు తోచింది. స్నేహితురాలి గురించి తనకిలాంటి తలపులు వస్తున్నాయని సిగ్గుపడింది. సిగ్గుపడినా తలపులు పోలేదు.

ఒకరోజు ఢిల్లీ ఆఫీసు నుంచి పెద్ద అధికారి వచ్చాడు, తెలుగువాడే. వెంకటరామయ్యగారు విభాగమంతా తిప్పి చూపించి, చివర్న ముచ్చటగా, "మా వాళ్ళు యంత్రంతో కథలు కూడా చెప్పిస్తారండి. ఇదిగో, మా కనకలక్ష్మి" అన్నారు.

కనకలక్ష్మి వెంటనే, "నేను కాద్సార్, రాసింది రత్న" అంది.

ఆ అధికారి రత్నమాల వైపు తిరిగి తల ఊపాడు. ఆ వెంటనే మళ్ళీ కనకలక్ష్మి వైపు తిరిగి, "ఏదీ, కొంచెం ఆడి చూపించండి" అన్నాడు. ముసలమ్మ గొంతు మొదలైంది. ఆయన పగలబడి నవ్వాడు. గోడకానుకొని నిలబడిన రత్నమాలకు, తనను వెనకేసుకొచ్చిన ఆ ఒక్క మాటకే అన్నిటికన్నా ఎక్కువ మండింది. దానం చేసినట్టుంది అనుకుంది.

ప్రోగ్రామంటే చిల్లులు పొడిచిన అట్టకార్డుల కట్ట; ఆ సాయంత్రం ఆమె అందులో కొత్త కార్డులు కొన్ని చేర్చింది. యోధుడు చెరువు దగ్గరికి వస్తే ఏమీ కాదు. బాటసారి వస్తేనే.

మర్నాడు కనకలక్ష్మి హుషారుగా కూర్చొని చెరువు వైపు వెళ్ళింది. మిషను కొట్టినదాన్ని ఎప్పటిలాగే పైకి చదివింది. "నీళ్ళు రెండుగా చీలాయి. కరాళుడు లేచాడు. బాటసారిని..." అక్కడ గొంతు ఆగింది. మిగిలింది వెనకవాళ్ళే చదువుకున్నారు. మింగేశాడు. ఆట ముగిసింది.

"సచ్చిపోయిండా? అరె, ఎట్ల?" అన్నాడు వీరేశం.

"అదేంటండీ, వాడు గుహలో కదా ఉండేది!" అన్నారు పట్టాభిరామయ్యగారు, సొంత మనిషి పోయినట్టు.

కనకలక్ష్మి మళ్ళీ మొదలుపెట్టింది. అంగడి మీదుగా చుట్టు తిరిగి చెరువు చేరింది. మళ్ళీ అదే. తర్వాత లేచి, "నాకు పనుంది" అని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇదే అదననుకుంది రత్నమాల. తానే కుర్చీలో కూర్చొని యోధుడై గుహ వైపు బయలుదేరింది. ఒక్కో వాక్యం పైకి చదివింది. సరిగ్గానే చదివింది. ఎండాకాలమంతా రాసిన పోరాటం కాగితం మీద పరుచుకుంటోంది. వెనక ఎవరో గడియారం చూసుకున్నారు. ఎవరో క్యాంటీన్‌లో ఈరోజు పులిహోర అన్నారు. రాక్షసుడు చచ్చేసరికి గదిలో వీరేశం ఒక్కడే మిగిలాడు, అదీ మొహమాటానికి.

"మంచిగున్నది మేడం" అని అతనూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం బస్సు కోసం గేటు దగ్గర నిలబడినప్పుడు కనకలక్ష్మి పక్కకొచ్చింది. రోడ్డు వైపే చూస్తూ, "వాడు గుహ ఇడిసి రాడని నువ్వే చెప్పినవ్" అంది. "నువ్వు తోలకుండ వాడెట్ల వస్తడే?"

రత్నమాలకు అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది.

"నాకు ఎరుకే ఎందుకు చేసినవో. జర ముందుగాల నాతోని అనరాదు? 'కనకం, నాకు కుళ్ళుగున్నది' అని. నేను లేసి నిన్ను కూసోబెడ్తుంటి గదా."

"నువ్వు కూర్చోబెడితే ఏం లాభం? జనం వెళ్ళిపోతారుగా! పోయారు కూడా" అంది రత్నమాల.

కనకలక్ష్మి బస్సు ఎక్కాక వేరే సీటులో కూర్చుంది.

మర్నాడే రత్నమాల ఆ కార్డులు తీసి పారేసింది. ఆ సంగతి చెప్పినా కనకలక్ష్మి రాలేదు. కోపం చూపించలేదు, అన్నం పంచుకుంది, పచ్చడి బాగుందంది. కుర్చీ వైపు మాత్రం వెళ్ళలేదు. జనమూ రావడం మానేశారు.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు రత్నమాల తానే బాటసారి అయి చూసింది. చెరువు గట్టు ఎక్కింది. గాజుల ముసలమ్మను పలకరించింది. ముసలమ్మ ఏమంటుందో మిషను కొట్టకముందే తెలుసు. కొండెక్కితే ఏ ఊరు కనబడుతుందో తెలుసు, ఆ ఊరి తర్వాత ఏమీ లేదనీ తెలుసు. తన రాజ్యంలో తనకు తెలియని గడప ఒక్కటి లేదు. అప్పుడామెకు అర్థమైంది, తనకు ఇన్నాళ్ళూ మండింది జనాన్ని చూసి మాత్రమే కాదు. తర్వాత ఏముందో తెలియక కనకలక్ష్మి ముందుకు వంగి చూసేదే, ఆ వంగడాన్ని చూసి కూడా. దాన్ని మాత్రం తాను ఎన్ని కార్డులు రాసినా సంపాదించుకోలేదు.

ఆమె లేచి కనకలక్ష్మి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"నాకు కుళ్ళుగానే ఉందే. ఇప్పటికీ ఉంది" అంది.

కనకలక్ష్మి చేతిలో పెన్సిలు ఆపి తలెత్తింది. "మరి ఏం జేద్దామంటవ్?"

"నువ్వొకటి రాయి. ఏం రాస్తున్నావో నాకు చెప్పకు. నేను ఆడతాను."

"నాకు రాసుడు రాదే. మాట్లాడుడొస్తది."

"మాట్లాడినట్టే రాయి."

కనకలక్ష్మి ఆ రోజు ఒప్పుకోలేదు. వర్షాలు పడి, ఖాజాగూడ చెరువు నిండిందని ఆమె చెప్పే రోజుల్లో ఒకనాడు కార్డుల కట్ట తెచ్చి తానే యంత్రానికి అందించింది. రత్నమాల కుర్చీలో కూర్చుంది. కనకలక్ష్మి వెనక నిలబడి, చేతులు కట్టుకొని, కంగారుగా పెదవి కొరుక్కుంటోంది.

మిషను నువ్వెవరని అడగలేదు. "వచ్చినవా? కాళ్ళు కడుక్కో. లోపలెవరో నీ కోసం ఏడుస్తున్నరు" అని కొట్టింది.

రత్నమాల ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. తాను రాసిన కోట గుమ్మం కన్నా, ఎండాకాలపు పోరాటం కన్నా అది బాగుంది. ఛాతీలో పాత మంట చురుక్కుమంది. లోపల ఏడుస్తున్నదెవరో ఆమెకు తెలియదు. ముందుకు వంగి, 'లోపలికి వెళ్ళు' అని కొట్టింది.