డీజీఎంగారి సున్నితత్వం

రామమోహనరావుగారి అమ్మాయికి ఏదో ఉందని తెలియడానికి పాతికేళ్లు దాటింది. అది ఫలానా అని డాక్టరు చెప్పాక, అది కాదని తేల్చడానికి మాత్రం ఆయనకు ఒక్క పూట సరిపోయింది.

ఆయన హిందీ రాష్ట్రంలోని ఉక్కు కర్మాగారంలో డిప్యూటీ జనరల్ మేనేజరుగా రిటైరై, ఆ ఊళ్లోనే స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఏ సమస్యకైనా ముందు సరైన పేరు పెట్టాలని, పేరు కుదిరితే సగం పని అయినట్టేనని ఆయన నమ్మకం. ఆయన రాసిన రిపోర్టుల్లో 'ఆలస్యం' అన్న మాట ఒక్కసారి కూడా ఉండేది కాదు. 'రీషెడ్యూల్' అని ఉండేది.

కూతురు శ్రీవిద్య రాయపూర్‌లో ఒక కంపెనీలో చేరి ఏడాది తిరక్కుండా మానేసి వచ్చింది. పని కష్టమై కాదు. ఒకే హాల్లో అంతమంది, ఏసీ హోరు, పక్కవాళ్ల టిఫిన్ల వాసన, ఏ ఫోను ఎప్పుడు మోగుతుందోనన్న బెదురు. సాయంత్రానికి మాట కూడా రాకుండా అయిపోయేది. ఇప్పుడు తన గదిలో కూర్చుని హథ్‌ఖోజ్‌లోని చిన్న చిన్న వర్క్‌షాపులకు మెషీన్ పార్టుల డ్రాయింగులు కంప్యూటర్లో గీసి పంపుతోంది. తల్లి మణిమాల ఆమెను రాయపూర్‌లో కుముదిని అనే సైకాలజిస్టు దగ్గరికి నాలుగైదుసార్లు తీసుకెళ్లింది. చివరిసారి వెళ్లొచ్చాక శ్రీవిద్య సోఫాలో కూర్చుని, రైలు ఎన్నింటికి వచ్చిందో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఆటిజం అన్నారు నాన్నా."

"ఎవరికి?"

"నాకు."

రామమోహనరావుగారు పేపరు మడిచారు. "నువ్వు ఇంజనీరింగ్ ఫస్ట్ క్లాసులో పాసయ్యావు కదా."

"పాసయ్యాను."

"మరి?"

"పాసైనా ఉంటుందట."

ఆయన ఆ డాక్టరమ్మ వయసెంత అని మణిమాలను అడిగారు. నలభై దాటి ఉంటాయని ఆమె చెప్పింది. "చిన్నావిడే," అని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

రాత్రి భోజనాల వేళకి ఆయన ముఖం వెలిగిపోతోంది. ఫోన్లో ఒక వ్యాసం దొరికింది. కొందరు పుట్టుకతోనే చాలా సున్నితంగా ఉంటారట. చప్పుళ్లు, వెలుతురు, వాసనలు, ఎదుటివాళ్ల మనసులో బాధ, అన్నీ వాళ్లకు ఎక్కువగా తగులుతాయట. అది జబ్బు కాదు. వాళ్లను 'హైలీ సెన్సిటివ్' అంటారు.

"హైలీ," అన్నారాయన ఆ మాటను నొక్కుతూ. "స్టీల్లో కూడా హై టెన్సైల్ అంటే ధర ఎక్కువ."

"అది కూడా ఉంది నాన్నా. మేడమ్ చెప్పారు," అంది శ్రీవిద్య. "సెన్సిటివ్‌గా ఉండటం ఒక స్వభావం. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి ఆ సున్నితత్వం ఉంటుంది. కానీ సున్నితంగా ఉన్నవాళ్లందరికీ ఆటిజం ఉండదు. నాకు రెండూ ఉన్నాయి."

"రెండెందుకమ్మా, మొదటిది చాలు కదా," అన్నారాయన, షాపువాడు పరిచిన చీరల్లోంచి ఒకటి పక్కన పెట్టినట్టు.

వ్యాసం చివర కొన్ని ప్రశ్నలున్నాయి. మర్నాడు పొద్దున్నే ఆయన కూతురి తరఫున వాటికి జవాబులు ఇవ్వడానికి కూర్చున్నారు. పెద్ద చప్పుళ్లు మిమ్మల్ని ఇబ్బంది పెడతాయా? శ్రీవిద్యను తలుచుకుందామని చూస్తే కుక్కర్ గుర్తొచ్చింది. ఆ ఇంట్లో కుక్కర్ ఆయన వాకింగుకు వెళ్లినప్పుడే కూత వెయ్యాలి. అగరొత్తులు వెలిగించకూడదు. పేపరు ఆయనకంటే ముందు ఎవరూ విప్పకూడదు. కంచంలో పప్పు, కూర తగులుకోకూడదు. ఇవన్నీ ఇన్నాళ్లూ 'సార్ పద్ధతి గల మనిషి' అన్న లెక్కలో జమయ్యాయి. ఇవే చిన్నప్పుడు శ్రీవిద్య అడిగితే మొండితనం అన్నారు. క్వార్టర్స్‌లో పక్కింటివాళ్లు నఖ్రాలన్నారు.

నాలుగో ప్రశ్న దాటేసరికి ఆయన కూతురి సంగతి మరిచిపోయారు. తన చిన్నప్పుడు విజయనగరంలో, మేనమామ పెళ్లిలో, బాజాలకు తట్టుకోలేక చెవులు మూసుకుంటే తండ్రి ఆ రెండు చేతులూ లాగి పడేశాడు. మగపిల్లాడివి కాదా అన్నాడు. ఆ తర్వాత ఆయన మళ్లీ ఎప్పుడూ నలుగురిలో చెవులు మూసుకోలేదు. అరవై ఏళ్ల కిందటి ఆ మాటకు ఆయన కళ్లు ఇప్పుడు తడిశాయి. ప్రశ్నలు పూర్తయ్యాయి. మీరు అత్యంత సున్నితమైన వ్యక్తి అని ఫోను తేల్చింది. డీజీఎం ప్రమోషన్ వచ్చిన రోజు కూడా ఆయన అంత పొంగిపోలేదు.

ఆ వారంలోనే ఇల్లు మారిపోయింది. హాల్లో టిక్కు టిక్కుమనే ఫ్యాను తీసి కొత్తది బిగించారు. కాలింగ్ బెల్ వైరు పీకేశారు. పాలవాడు తలుపు తట్టకుండా గేటు దగ్గరే నిలబడి, ఎవరో ఒకరు చూసేదాకా ఆగాలి. మణిమాల గాజులు రెండేసి తీసి ఒక్కొక్కటే ఉంచుకుంది.

"ఇన్నాళ్లూ పద్ధతి అన్నారు, ఇప్పుడు సెన్సిటివ్ అంటున్నారు. పేరు ఏటయితేనేం, పని నాకే కదండీ," అంది.

శ్రీవిద్య అడిగింది ఒక్కటే. ఇంటికొచ్చిన వాళ్లను నమస్తే చెప్పించడానికి తన గదిలోకి తీసుకురావద్దని. రామమోహనరావుగారు అది ఒప్పుకోలేదు. అది మర్యాదకు సంబంధించిన విషయమని, సెన్సిటివిటీకి సంబంధం లేదని చెప్పారు.

తెలుగు సంఘం కార్యదర్శి రాజాబాబుకి ఈ సంగతి తెలిసింది. తెలియక ఏం, వాకింగులో ఆయన రోజూ చెబుతూనే ఉన్నారు. "సార్, ఆదివారం మనవాళ్లందరి ముందూ మాట్లాడండి. అవేర్‌నెస్ ప్రోగ్రామ్ అని బ్యానర్ వేయిద్దాం," అన్నాడు. రిసాలిలో హాలు మాట్లాడారు.

"నేను రాను," అంది శ్రీవిద్య.

"అసలు సబ్జెక్టే నువ్వు కదమ్మా. నువ్వు రాకపోతే ఎలా?"

ఆమె ఆలోచించింది. "తలుపు పక్కన కూర్చుంటాను. చెవులకి మఫ్స్ పెట్టుకుంటాను. సరేనా, చలేగా?"

"చలేగా, చలేగా," అన్నారాయన. తలుపు పక్కన కూర్చుంటానన్నంత వరకే విన్నారు.

ఆదివారం సాయంత్రం సున్నితత్వం మీద సభ ఇలా మొదలైంది. గుమ్మం దగ్గర ఇద్దరు ఆడపిల్లలు వచ్చినవాళ్ల మీద పన్నీరు జల్లారు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే స్పీకర్లు తెచ్చి వేదికకు రెండు పక్కలా నిలబెట్టారు. ఒక ట్యూబ్‌లైటు కొట్టుకుంటోంది. వెనక వంటగదిలో ఉప్మాకి పోపు వేస్తున్నారు. శ్రీవిద్య పన్నీరు తప్పించుకుని పక్క తలుపులోంచి వచ్చి, చివరి కుర్చీలో కూర్చుని, పసుపుపచ్చ ఇయర్ మఫ్స్ పెట్టుకుంది. ఫ్యాక్టరీలో గ్రైండింగ్ దగ్గర పెట్టుకునే రకం. హథ్‌ఖోజ్‌లో డ్రాయింగులు ఇచ్చి వస్తూ సేఫ్టీ సామాన్ల దుకాణంలో కొనుక్కుంది.

రామమోహనరావుగారు బాగానే మాట్లాడారు. "సున్నితమైన వాళ్లు మన మధ్యే ఉంటారు. మనం వాళ్లని గుర్తించం. వాళ్లకి ఏం కావాలో అడగాలి. అడిగింది ఇవ్వాలి. వింతగా చూడకూడదు," అంటూ తలెత్తి, చివరి వరసలో ఆ పసుపుపచ్చ డిప్పలు చూశారు.

ప్లాంటులో ఉన్నన్నాళ్లూ వాటిని పెట్టుకోనివాళ్లకు మెమోలిచ్చిన మనిషి ఆయన. మాట ఆపి, తీసెయ్యమని సైగ చేశారు. ఆమెకు అర్థం కాలేదు. రెండు చేతులతో చేశారు. హాలంతా వెనక్కి తిరిగింది. శ్రీవిద్య ఒక చెవి మీదది ఎత్తింది.

"ఏంటి నాన్నా?"

"అవి తీసెయ్యమ్మా. నలుగురిలో బాగుండదు."

"తీస్తే మీ మాటలు వినపడతాయి కానీ అర్థం కావు. పెట్టుకుంటే అర్థమవుతున్నాయి."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన ఏదో అనబోయి మైకుకు దగ్గరగా వంగారు. స్పీకర్లు రెండూ ఒక్కసారి కీచుమన్నాయి. చేతిలో కాగితాలు జారిపోయాయి. రామమోహనరావుగారు సభాముఖంగా, రెండు చేతులతోనూ చెవులు గట్టిగా మూసుకున్నారు.

రాజాబాబు పరుగెత్తి స్పీకర్లు కట్టేశాడు. ఆ నిశ్శబ్దంలో ముందు వరసలోంచి కన్నమ్మ లేచింది. ప్లేట్ మిల్లులో చేసి రిటైరైన వర్కరు భార్య, శ్రీకాకుళం వైపు మనిషి.

"బాబూ, మీరు సెప్పినాదంతా బాగుంది. మా మనవడూ ఇలాగే సెవులు మూసుకుంటాడు. బళ్లో ఏటో అన్నారు, ఆటిజమని. అదీ ఇదీ ఒకటేనేటి?"

"అబ్బే, అది వేరమ్మా. అంత పెద్ద మాటలు మనకెందుకు? మనవాళ్లు సెన్సిటివ్, అంతే."

"మరి మీ అమ్మాయికేటి బాబూ?"

"సెన్సిటివ్."

"ఆటిజమండి," అంది శ్రీవిద్య తలుపు దగ్గర్నుంచి. "సెన్సిటివ్ కూడా."

రామమోహనరావుగారు మైకు స్టాండు పట్టుకున్నారు. పైకప్పు కూలుతుందనుకున్నారు. ఏమీ కూలలేదు. కన్నమ్మ మాత్రం చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ నడిచి వెళ్లి శ్రీవిద్య పక్క కుర్చీలో కూర్చుంది.

"సక్కగా మాట్లాడతన్నావు కదమ్మా."

"మాట్లాడతానండి. తర్వాత రెండు రోజులు పడుకుంటాను."

"మావోడూ అంతే. బడి నుంచొచ్చి మంచం కింద దూరతాడు. కోడలు కొడతది."

"కొట్టొద్దని చెప్పండి. కిందే ఒక దుప్పటి వెయ్యమనండి."

ఇంకో ఆవిడ లేచి వచ్చింది. తర్వాత ఒక భార్యాభర్తలు. రాజాబాబు వక్తగారికి శాలువా కప్పేసరికి చప్పట్లు కొట్టడానికి ముందు మూడు వరసల్లోనూ మణిమాల ఒక్కతే ఉంది. ఆ శాలువా మెడకు గుచ్చుకుని, ఆయన వెంటనే తీసేశారు.

కారులో ఆయన శాలువా మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత అన్నారు. "అంతమందిలో ఆ మాట ఎందుకన్నావు?"

"ఆవిడ అడిగారు."

"అడిగితే చెప్పెయ్యడమేనా?"

"మరి అడిగితే ఏం చేస్తారు?" అంది శ్రీవిద్య. ఎదురు చెప్పాలని కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"నేనెంత బాధపడ్డానో ఎవరికీ పట్టలేదు," అన్నారు చివరికి, బయటికి చూస్తూ.

"పట్టిందండీ. ఉప్మా కట్టించి తెచ్చాను," అంది మణిమాల.

శ్రీవిద్య చెప్పినట్టే రెండు రోజులు గది చీకటి చేసుకుని పడుకుంది. మొదటిరోజు ఆయన కోపంగా ఉన్నారు. రెండోరోజు ఆ తలుపు ముందు నుంచి రెండుమూడుసార్లు నడిచారు, చెప్పులు లేకుండా. సాయంత్రం రాజాబాబు వచ్చి, "బేటీని ఒకసారి కలిసి వెళ్తాను సార్, అందరూ ఆమె నంబరు అడుగుతున్నారు," అని లోపలికి నడవబోతే ఆయన అడ్డంగా నిలబడ్డారు.

"ఇప్పుడు కుదరదు," అన్నారు.

"నమస్తే చెప్పి వచ్చేస్తాను సార్."

"నమస్తే నాకు చెప్పు. నేను చెబుతాను."

అడిగినవాళ్లకి తండ్రి నంబరు ఇవ్వమని శ్రీవిద్య లేచాక చెప్పింది. "నాకు ఫోన్లు పడవు. మీకు మాట్లాడటం ఇష్టం కదా నాన్నా," అంది. రాసి పంపితే తను జవాబు ఇస్తానంది. అలా రామమోహనరావుగారికి రిటైరయ్యాక మళ్లీ ఒక ఉద్యోగం దొరికింది.

మొదట్లో ఆయన ఫోను ఎత్తి, "ఆ విషయమేనా?" అనేవారు. "ఏ విషయం సార్?" అని అవతలివాళ్లు అడిగేవారు. "అదే, ఆ విషయం." ఇలా అయిదు నిమిషాలు నడిచాక, ఒకరు కరెంటు బిల్లు విషయమనుకున్నారు. ఇంకొకరు పెళ్లి సంబంధమనుకుని ఎత్తు, నక్షత్రం చెప్పారు. ఇక లాభం లేక ఆయన ఆ మాట అనడం నేర్చుకున్నారు. ముందు గొంతు తగ్గించి, తర్వాత మామూలుగా, నెల తిరిగేసరికి ప్లాంటు మీటింగులో మాట్లాడినంత ధాటిగా. ఇంట్లో భార్య ముందు మాత్రం ఇంకా 'ఆ విషయం' అనే అంటున్నారు.

ఈ మధ్యలో శ్రీవిద్య ఒకసారి చెప్పింది. "కుటుంబాల్లో ఉంటుందట నాన్నా. మేడమ్ మిమ్మల్ని కూడా ఒకసారి రమ్మన్నారు."

"నన్నా? నేను డీజీఎంగా చేశానమ్మా."

"చేసినా ఉంటుందట."

"నాది సెన్సిటివ్. అది ఫోన్లో తేలిపోయింది," అని ఆయన పేపరు విప్పుకున్నారు.

మొన్న పదకొండు గంటలకు హథ్‌ఖోజ్‌లో చిన్న యూనిట్ నడిపే అనిల్‌కుమార్ అనే అతను ఫోను చేశాడు. కొడుకు గురించి. ఆటిజం అంటే ఊళ్లో పరువు పోతుందని, సెన్సిటివ్ అని చెప్పుకుంటే సరిపోతుంది కదా అని అడిగాడు.

"సరిపోదండి," అన్నారు రామమోహనరావుగారు, తను కనిపెట్టిన సంగతే చెబుతున్నట్టు. "అది వేరు, ఇది వేరు. రెండూ ఒకరికే ఉండొచ్చు. ఒకటి చెప్పి రెండోది దాచేస్తే పిల్లాడికి కావలసింది దొరకదు. పేరు సరిగ్గా పెడితే సగం పని అయినట్టే."

"ఎంత బాగా చెప్పారు సార్. మీ ఇంట్లో ఎవరికి?"

"మా అమ్మాయికి."

"మీకైతే ఏమీ లేదు కదా?"

గేటు బయట పాలవాడు, బిల్లు కోసమేమో, ఎవరూ చూడక అలాగే నిలబడి ఉన్నాడు. ఆయన చూశారు.

"నన్నింకా చూడలేదండి," అని ఫోను పెట్టేశారు.

పాలవాణ్ణి లోపలికి రమ్మని చెయ్యి ఊపి, వంటింటి గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డారు. "ఆ రాయపూర్ ఆవిడ ఏ రోజుల్లో ఉంటుందో," అన్నారు, ఎవరినీ అడగనట్టు.

మణిమాల బెండకాయలు తరుగుతోంది. తలెత్తలేదు.

"మంగళవారాలటండి. శనివారం కూడా ఉంటారట గానీ, ఆ రోజు రష్షు ఎక్కువ. మీకు పడదు."