గీత పక్కన నిలబడే మనిషి

జాన్ బాబు పోయిన రోజు సాయంత్రం, ఐర్లండులో లిమరిక్‌ ఊళ్ళోని ఆ చిన్న ఇంటికి ఎవరూ ఎదురుచూడని మనుషులు వచ్చారు. గుమ్మంలో పట్టనంత భుజాలున్న కుర్రాళ్ళు. తడిసిన బూట్లు బయటే విడిచి, ఒకరి వెనక ఒకరు లోపలికి వచ్చి, కనిపించిన ప్రతివాళ్ళకూ చేయి కలిపి, మీకు వచ్చిన కష్టానికి సారీ అని గొణిగారు. అక్కడి మర్యాద అది. పాటల పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తెలుగు క్రైస్తవ సంఘం ఆడవాళ్ళు ఆ పెద్ద పెద్ద చేతులు అందుకుని, ఏమనాలో తోచక తలలూపారు.

"ఎవరక్కా వీళ్ళు? హాస్పిటల్ సెక్యూరిటీ వాళ్ళా?" అని సంతోషకుమారి, జాన్ బాబు భార్య కృపావతి చెవిలో అడిగింది.

కృపావతికి తెలుసు. ఆ రోజు చెప్పే ఓపిక లేదు.

జాన్ బాబు నర్సు. కొన్నేళ్ళుగా చలికాలమంతా చాలా ఆదివారాలు ఆరాధన మానేసి, కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు దెబ్బలు చూసే మనిషిగా మైదానం గీత పక్కన నిలబడేవాడు. సంఘంలో మాత్రం డ్యూటీ అని చెప్పేవాడు. కృపావతి బాపట్లలో ఏళ్ళ తరబడి సోషల్ పాఠాలు చెప్పిన పంతులమ్మ. అబద్ధం ఆమె నోట రాదు. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటూ లేదు.

కొన్ని వారాలకు దీక్షిత్ వచ్చాడు. ఆ జట్టుకు కెప్టెన్, ఇక్కడే పుట్టిన తెలుగువాళ్ళబ్బాయి. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. టీ ఎలా ఉందంటే, బాగుందనడానికి అక్కడివాళ్ళు అనే మాటే, గ్రాండ్ అన్నాడు, చలి ఎలా ఉందంటే అదీ గ్రాండ్ అన్నాడు. తరవాత అసలు సంగతి బయటపెట్టాడు. సొంత మైదానంలో ఆట ఉంటే, దెబ్బలు చూసే, వైద్యం తెలిసిన మనిషిని ఆ జట్టే నిలబెట్టాలి. లేకపోతే రిఫరీ విజిల్ ఊదడు. అంకుల్ పోయాక ఒక ఆట అలాగే ఆడకుండా ఓడిపోయారు. వచ్చే నెల లిమరిక్‌లో ఇంకొకటి ఉంది. అదీ పోతే ఈ ఏటికి జట్టు పని అయిపోయినట్టే.

"అంకుల్‌ని మీ చర్చి వాళ్ళే పంపారు కదా ఆంటీ. ఇంకొకళ్ళని పంపమని అడుగుతారా?"

కృపావతి కప్పు కింద పెట్టింది. సంఘానికి డ్యూటీ పేరు, జట్టుకు సంఘం పేరు చెప్పి, మనిషి మధ్యలోంచి నిక్షేపంగా ఆటకు వెళ్ళిపోయాడు. కోపం రావలసిన చోట ఆమెకు కుతూహలం పుట్టింది. అంతగా ఏముంది అక్కడ?

"నాకు తెలియనిదాని కోసం నేను ఎవర్నీ అడగలేను బాబూ. ముందు చూడనీ" అంది.

అలా ఆ ఆదివారం కృపావతి కూడా ఆరాధన మానేసింది. ఆట డండాక్‌లో. దేశాన్ని అడ్డంగా దాటే బస్సు ప్రయాణమంతా దీక్షిత్ వేరుశనగ పప్పులు సీటు మీద పేర్చి పాఠం చెప్పాడు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి అవతలివాళ్ళది. చేతుల్తో విసిరేదానికి ఫుట్‌బాల్ అని పేరెందుకని ఆమె అడిగితే బస్సులో ఎవరికీ జవాబు తెలియలేదు. మీ అంకుల్‌కు ఇదంతా ఎవరు నేర్పారని అడిగితే మాత్రం అందరూ నవ్వారు.

"అంకుల్‌కి ఏమీ తెలీదు ఆంటీ. గెలిచామో ఓడామో బస్సెక్కాక మమ్మల్నే అడిగేవారు."

ఆట తెలియని మనిషి ఆటలో ఏం చూశాడు? ఈ ప్రశ్నతోనే ఆమె వానలో గీత పక్కన నిలబడింది. మొదట బంతిని చూసింది. కాసేపటికి మనుషులు కుప్పగా పడ్డారు. అందరూ లేచారు, ఒకడు లేవలేదు. విజిల్ మోగింది. రెండు జట్ల వాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడ మోకాలి మీద కూర్చున్నారు.

వీళ్ళు ప్రార్థన చేస్తారా! కృపావతి స్కార్ఫు తల మీదికి లాక్కుని, బురదలో రెండు మోకాళ్ళూ ఆనించి, కళ్ళు మూసుకుని, "కృపగల మా పరలోకపు తండ్రీ" అని గట్టిగా మొదలుపెట్టింది. తెలుగు ప్రార్థన ఒక పట్టాన తెమిలేది కాదు. ఆ పిల్లవాడి కాలు, వాడి తల్లి, వాడికి వైద్యం చేసే చేతులు, అన్నీ అయ్యాక ఆమేన్ అని కళ్ళు తెరిస్తే, వాడు కుంటుకుంటూ బెంచీ దాకా వెళ్ళిపోయి ఉన్నాడు. అందరూ లేచి నిలబడ్డారు. రిఫరీ విజిల్ చేత్తో పట్టుకుని ఆమె కోసం ఆగాడు.

దీక్షిత్ మెడ గోక్కున్నాడు. "అది ప్రేయర్ కాదు ఆంటీ. ఎవరైనా పడితే అలా కూర్చోవడం మా ఆటలో మర్యాద." హెల్మెట్ తగిలించుకుంటూ, "ఫర్వాలేదు, బాగుంది" అన్నాడు.

రెండో సగంలో ఆమె బంతిని వదిలేసింది. ప్రతి కుప్ప విడిపోగానే ఎవరు లేచారు, ఎవరు లేవడానికి తడబడుతున్నారు, ఎవరు చెయ్యి దాచుకుంటున్నారు అని చూసింది. బంతి ఎటు పోయిందో మరి తెలియలేదు. ఆట అయ్యాక ఎవరు గెలిచారని అడగవలసి వచ్చింది.

"మనమే ఆంటీ" అన్నాడు దీక్షిత్.

మరుసటి ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ కృపావతి లేచి నిలబడింది.

"ఆయన డ్యూటీ అని మీకు చెప్పిన ఆదివారాలు హాస్పిటల్‌కి వెళ్ళలేదు. ఆటకి వెళ్ళారు. పడ్డవాళ్ళు లేచారో లేదో చూడ్డానికి వెళ్ళారు. ఆయన చోట ఒక మనిషి కావాలి."

హాలులో సగం మంది నర్సులే. సంఘ పెద్ద శేషయ్య గారు గొంతు సవరించుకుని, ఆ ఆటేదో శనివారం పెట్టుకోకూడదా అన్నారు.

"నాకు ఆటంటే ఓనమాలు రావక్కా" అంది సంతోషకుమారి.

"ఆయనకీ రావు."

ఒకరిద్దరు నవ్వారు. సంతోషకుమారి డ్యూటీలు చూసుకుని చెప్తానంది. మిగతావాళ్ళు పాటల పుస్తకాల్లోకి తలలు దించారు. భోజనాలయ్యాక కార్లు ఒక్కొక్కటే కదిలిపోయాయి.

సాయంత్రం కృపావతి దీక్షిత్‌కు ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పింది. లిమరిక్ ఆట వచ్చే ఆదివారం. మనిషి ఇంకా దొరకలేదు.