విరుదునగర్ తెలుగు వార్తలు

కుమారవేల్ మీద జోతికి మొదటి రోజే అనుమానం పుట్టింది. ఆమె వార్తలు చదువుతుంటే అతను కెమెరా పక్కన కూర్చుని, అవే వార్తల ఇంకో కాపీని చేత్తో పట్టుకుని, ఒక్కో వాక్యానికీ ఎర్ర పెన్నుతో టిక్కు పెడతాడు. తప్పు పట్టుకోవడమే అతని ఉద్యోగం.

జోతి గుట్టు ఒక్కటే. ఆమెకు తెలుగు చదవడం రాదు. తమిళనాడు కోవిల్‌పట్టిలో పుట్టినప్పటి నుంచీ ఇంట్లో తెలుగే మాట్లాడింది గాని, బడిలో నేర్చింది తమిళ అక్షరాలే. పదకొండు భాషల్లో దేశమంతటికీ కొత్త టీవీ అంటూ ఢిల్లీ వాళ్ళు వచ్చి, విరుదునగర్‌లో తెలుగు ఆఫీసొకటి తెరిచి, మాట్లాడించి చూసి ఉద్యోగం ఇచ్చేశారు. చదివించి చూడాలన్న బుద్ధి ఆ మహానుభావుల్లో ఒక్కరికీ పుట్టలేదు. అగ్గిపెట్టెలకు లేబుళ్ళు అంటించే పని మానేసి వచ్చింది. ఇది పోతే మళ్ళీ ఆ జిగురు చేతులే.

రోజూ కాగితం రాగానే బాత్రూంలో దూరి ఫోను కెమెరా పట్టేది. ఫోను చదివి వినిపిస్తే తమిళంలో రాసుకునేది. బయటికి రాగానే కుమారవేల్ అదోలా చూసేవాడు.

పన్నెండో రోజు ప్యూను అయ్యాసామి ఆలస్యంగా వచ్చి, కాగితాలు నేరుగా ఇద్దరి ముందూ పెట్టాడు. వార్తలకు రెండు నిమిషాలే ఉంది. ఒకసారి చదివి వినిపించమని జోతి అడిగితే, గొంతు సరిలేదని కుమారవేల్ మొహం తిప్పుకున్నాడు. నన్ను పట్టించడానికే ఈ నాటకం అనుకుంది జోతి.

ఇక తెగించింది. కళుగుమలైలో మంచి వాన పడిందంది. ఒట్టపిడారం మిరపకు ధర వచ్చిందంది. అరుప్పుకోట్టై మగ్గాలకు ఇక కరెంటు కోత లేదంది. కుమారవేల్ తలెత్తకుండా టిక్కులు పెడుతూనే పోయాడు.

కెమెరా ఆగాక ఆమె వెళ్ళి అతని కాగితం చూసింది. చెప్పిన అబద్ధాలన్నిటికీ టిక్కులున్నాయి.

"అన్నా, మీకూ సదవను రాదా?"

అతను సిగ్గుతో చచ్చిపోయాడు. "మాకు తెలుగు ఎవురమ్మా నేర్పించేది? నువ్వు పట్టేస్తావని ఇన్ని దినాలూ బయపడి సస్తా ఉండాను."

ఇద్దరూ పగలబడి నవ్వారు. జోతి గుండె తేలికపడింది. ఇక దాచేదేముందని ఫోను తీసి, బల్లమీదే కాగితానికి పట్టింది. ఫోనులోని ఆడగొంతు తడబడకుండా చదివింది: పెట్టుబడి అందనందున మన ఛానల్ ప్రసారాలు నిన్నటితో ఆగిపోయాయి. ఉద్యోగులు నేటి నుంచి రానక్కరలేదు.

జోతి ఫోను బల్లమీద బోర్లా పెట్టింది.

"అట్లయితే ఆ వాన మాట ఎవురూ వినలేదా అన్నా?"

"నేను వింటిని కదమ్మా," అన్నాడు కుమారవేల్. "టిక్కు కూడా వేస్తిని."