మోకాలి ఎత్తు

వగీహ్ మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. చేతిలో రిమోట్. పది అడుగుల దూరంలో బొమ్మ హెలికాప్టర్ మోకాలి ఎత్తున గాల్లో నిలబడి ఉంది. ఒక రెక్క చివర ఎర్ర టేపు, రెండోదానికి నీలం. రెండూ తిరుగుతూ ఒకే గీతగా కనబడితే సరి. ఎర్రది వెంట్రుకవాసి పైన పోతోంది.

దించి, రెక్కను పట్టే సన్న కడ్డీని అర చుట్టు తిప్పాడు. అలెగ్జాండ్రియాలో ఓ ఆటవస్తువుల దుకాణం వెనక గదిలో ముప్పయ్యేళ్ళుగా అతను చేసింది ఈ అర చుట్లే. తర్వాత గోళ్ళరంగు సీసా తీసి కడ్డీ మీద ఎర్రటి చుక్క పెట్టాడు. ఎవరైనా కదిపితే చుక్క పగిలి పట్టిస్తుంది. రంగు ఎండిపోకుండా మూత గట్టిగా బిగించాడు.

"ఆ సీసా నాది," అంది భార్య ఇన్సాఫ్, పుచ్చగింజలు కొరుకుతూ. "నా గోళ్ళు బోసి. సింగారమంతా హెలికాప్టర్లకే."

"వాటికింకా పెళ్ళి కావాలి. నీకయిపోయిందిగా."

హెలికాప్టర్ సొంతదారు, పళ్ళ డాక్టరు రఊఫ్, పక్కన నిలబడి నవ్వాడు.

వగీహ్ ఏనాడూ దేన్నీ మోకాలు దాటించలేదు. పరాయి సొమ్ము, పడితే పరువు పోతుందని భయం. "ఇక్కడిదాకా నా పని, ఆ పైన ఆకాశం మీది," అని అప్పగించేసేవాడు. గుండె ఇక చాలంది కాబట్టి ఈ శుక్రవారంతో పని మానేస్తున్నాడు. అందుకే ఇన్సాఫ్ మొదటిసారి సరస్సు ఒడ్డున ఈ చవిటి నేలకు వెంట వచ్చింది.

"బల్లంత ఎత్తు చూపించడానికా ఇంత దూరం లాక్కొచ్చావు?" అంది.

"ఎగరెయ్యి ఉస్తాద్," అన్నాడు రఊఫ్. "పడితే నాది. ఏడిస్తే నేనేడుస్తా."

వగీహ్ పెదవులు తడుపుకుని మీట పైకి నెట్టాడు. హెలికాప్టర్ నడుం దాటింది, తల దాటింది, రెల్లు దాటింది. అంతలో గాలి వచ్చి దాన్ని గిర్రున తిప్పేసింది. ఇన్నాళ్ళూ అతనికి తెలిసింది దాని వెనక వైపే. ముఖం ఇటు తిరిగితే ఎడమ కుడవుతుంది. ఎండలో అదొక నల్లటి మచ్చ. తోకేదో ముఖమేదో తెలియక చేతులు బిగుసుకుపోయాయి. అది నీళ్ళ మీదికి జారుతోంది. రఊఫ్ ముఖం పాలిపోయింది.

"ఇటే చూస్తోందయ్యా," అంది ఇన్సాఫ్. దూరపు చూపు ఆమెకెప్పుడూ మంచిదే. "ముఖం మనవైపే ఉంది."

వగీహ్ తనకు తోచినదానికి వ్యతిరేక దిశలో మీట నెట్టాడు. హెలికాప్టర్ ఊగుతూ ఒడ్డుకు వచ్చి, రఊఫ్ కాళ్ళకు నాలుగడుగుల దూరంలో దిగింది. వగీహ్‌కు నవ్వు ఆగలేదు. సీసా తీసి ఇన్సాఫ్ చిటికెనవేలి గోరుకు రంగు వేశాడు.

"పాడుచేస్తావు," అంది గాని ఆమె వేలు వెనక్కి తీసుకోలేదు.

ఇంటికొచ్చి రొట్టె, చిక్కుడుగింజలు తిని కిటికీ పక్కన పడుకున్నాడు. సాయంత్రం టీ తెచ్చి ఇన్సాఫ్ లేపితే లేవలేదు.

నలభయ్యో రోజు తంతు ముగిశాక ఆమె తన చిటికెనవేలు చూసుకుంది. రంగు గోరుతో పాటు కొసకు జరిగిపోయింది. మళ్ళీ వేసుకుందామని పనిముట్ల పెట్టె తెరిచింది. సీసాలో రంగు ఎండిపోయి ఉంది. ముప్పయ్యేళ్ళలో ఆ ఒక్కరోజే మనిషి మూత బిగించడం మరిచిపోయాడు. ఎంత సంబరపడితే మరిచిపోయాడో తలుచుకుని, అన్ని రోజులూ రాని ఏడుపు ఏడ్చింది.

బిగించకుండానే సీసాను కిటికీలో పెట్టింది. అడుగున గట్టిపడిన ఎర్ర రంగు, పైన అర చుట్టు వదులుగా మూత.