అవ్రో వెనక తలుపు

అబిడ్స్‌లో మూసివున్న బట్టల దుకాణం ముందు ఇజ్రాయేల్ నీలం పట్టా మీద వంగి, అమ్మకానికి పాత పుస్తకాలు పేరుస్తున్నాడు. పొద్దుటి ఆరాధన ముగించుకుని నేరుగా వచ్చాడేమో, తెల్లచొక్కా ఇస్త్రీ మడత ఇంకా నలగలేదు. డెబ్బై నాలుగేళ్లు. ఉద్యోగంలో ఉన్నప్పుడు స్పానరు జారి చితికిన బొటనవేలి గోరు అప్పటినుంచీ వంకరే. వాయుసేనలో అవ్రో విమానాల మెకానిక్‌గా రిటైరయ్యాక ఆదివారాలు ఈ పని పెట్టుకున్నాడు.

ఎవరడిగినా అమ్మనిది ఒక్కటే, పాత కాగితాల మూటలో దొరికిన అవ్రో బొమ్మల పుస్తకం.

పదింటికి హాసిని అనే ఇంజనీరింగు విద్యార్థిని గొంతుక్కూర్చుని దాన్నే తిరగేసింది.

"అంకుల్, ఇది ప్యాసింజర్ విమానమే కదా? వెనక గింత పెద్ద తలుపెందుకు?"

ఇన్నేళ్లలో అందరూ ధర అడిగినవాళ్లే.

"ముందుగాల జనాలకోసమే చేసిన్రు బిడ్డా. రెక్కలకు రెండు పంకాలు, లోపట నలభైమంది కూసుంటుండె. ఫౌజుకొచ్చినంక పెద్ద తలుపు పెట్టిన్రు. గాలిలనే తెరిసి సామాను తోయొచ్చు, సిపాయిలు దుంకొచ్చు. కొత్త పైలట్లు సుత దాంట్లనే నేర్సుకున్నరు."

బొమ్మలోని తలుపు మీద వేలు పెట్టి తనే అందుకున్నాడు.

"ఒకపారి వరదలల్ల బియ్యం మూటలు తోసినం. నడుముకు బెల్టు కట్టుకోని నేనే తలుపుకాడ నిలవడ్డ. కింద మిద్దె మీద ఒకామె మూట దిక్కు సూడనేలేదు. సంటిపిల్లను రెండు చేతులతోని మాదిక్కు ఎత్తింది. తీస్కపోతమనుకున్నది."

"మరి?"

"అంతా నీళ్లే, గాడ దిగేతందుకు జాగా ఏది? ఇంకో చుట్టు తిరిగొచ్చినం. చేతులు గట్లనే ఎత్తి ఉన్నది. మూటలన్నీ ఒడిసినయ్. వాపస్ వచ్చినం."

నలభై ఏళ్లుగా ఈ మాట భార్య బెత్సీకి కూడా చెప్పలేదు. పుస్తకం హాసిని ఒడిలో పెట్టాడు. ఆమె పర్సు తీయబోతే చెయ్యి అడ్డుపెట్టాడు.

"ఉంచుకో. తలుపు సంగతి అడిగినవ్."

హాసిని మూలమీది హోటలుకు వెళ్లి రెండు చాయ్‌లు తెచ్చింది. ఆమె వచ్చేసరికి ఇజ్రాయేల్ దుకాణం షట్టరుకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. పక్క పుస్తకాలాయన బిచ్చయ్య వచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, "పోయిండమ్మా" అన్నాడు.

అంబులెన్సు అతన్ని తీసుకెళ్లింది. బెత్సీకి ఫోన్ చేసి, బిచ్చయ్య పుస్తకాలు మూటగట్టి పట్టా చుట్టాడు. దుకాణం మెట్టు పక్కన ఇజ్రాయేల్ తోలుచెప్పులు మిగిలాయి. ఎడమదానికి కొత్తగా వేయించిన కుట్టు దారం ఇంకా తెల్లగానే ఉంది.