ఉల్లిపొర పరీక్ష

అంకయ్య ఉల్లిపాయ రేకుల మధ్య ఉండే పల్చటి పొరను ఒలిచి నీళ్ల పళ్లెంలో వదిలాడు. కొత్త ఫోర్సెప్స్ మొనతో దాన్ని పట్టి పైకెత్తాడు. పొర చిరిగింది.

పసిబిడ్డల ఆపరేషన్లలో పేగునూ రక్తనాళాన్నీ పట్టుకునే సన్న ఫోర్సెప్స్ అవి. రెండు మొనలూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. అలా కలిస్తే ఉల్లిపొర చిరగకుండా పైకి లేస్తుంది. ఫరీదాబాద్‌లోని ఈ కార్ఖానాలో 1987 నుంచి, అంటే పంతొమ్మిదేళ్లుగా, వాటిని ఆకురాయితో సరిదిద్దేదీ ఉల్లిపొరతో పరీక్షించేదీ అంకయ్యే. పలాస నుంచి వచ్చిన ఆ మనిషికి చదువు లేదు, నోరూ లేదు. ఉన్నదల్లా ఆ చెయ్యి.

నమూనాగా దాచుకున్న పాత ఫోర్సెప్స్ తీసి చూశాడు. మళ్లీ చిరిగింది. లోపం పనిముట్టులో లేదు. కుడి బొటనవేలు సన్నగా వణుకుతోంది.

నిన్న సాయంత్రమూ వణికింది. డిసెంబరు చలి కదా అనుకున్నాడు. ఆఖరి డబ్బాలోని ఇరవై నాలుగింటినీ పొరతో చూడకుండా, కంటితో చూసి పాస్ చేసేశాడు. ఆ డబ్బా తలుపు దగ్గరే ఉంది. పదకొండింటికి వ్యాను వచ్చి ఆస్పత్రికి పట్టుకుపోతుంది.

చెబితే పని పోతుంది. చెప్పకపోతే ఏ తల్లి కన్న బిడ్డకో... సూపర్‌వైజర్ భీమేశ్వరరావు ఊరికే పక్కనుంచి వెళ్లినా, గుమ్మడికాయల దొంగలా ఉలిక్కిపడి చేతిని స్వెటర్లో దాచుకున్నాడు.

బయట వ్యాను హారన్ మోగింది. అంకయ్య లేచి వెళ్లి డబ్బాకు అడ్డంగా నిలబడ్డాడు.

"బాబూ, దీన్ని పంపొద్దు. నా సెయ్యి వొణుకుతంది. నిన్నటియి పొరతో సూడనేదు."

భీమేశ్వరరావు ముఖం మాడిపోయింది. "అచ్ఛా! ఇప్పుడా చెప్పడం? సాబ్‌కి తెలిస్తే ఇంకొక్క పూట ఉంచడు నిన్ను."

"ఎరికే బాబూ."

పక్క బల్ల దగ్గర పనిచేసే గౌరి వచ్చి అంకయ్య స్థానంలో కూర్చుంది. ఒక్కొక్కటే తీసి పరీక్షించింది. అంకయ్య రెప్ప వెయ్యకుండా చూశాడు. అంతా అయ్యాక ఆమె తలెత్తి మెల్లగా అడిగింది.

"మరి మొన్నటివి, అంకుల్? అవి వెళ్లిపోయాయి కదా?"

"మొన్న వొణకనేదమ్మా," అన్నాడు. చేతి వంక చూసుకుని, "వొణకనేదనే అనుకుంటన్నాను," అన్నాడు.

తన మాట తనకే వినబడి భయం వేసింది. ఆ భయాన్ని వెంటబెట్టుకునే గేటు దాటాడు. ఎవరూ ఆగమనలేదు.

బల్ల మీద మూత తీసిన డబ్బా ఉండిపోయింది. ఇరవై నాలుగు ఫోర్సెప్స్‌లో, పొరను చింపిన ఏడింటికి గౌరి ఎర్రదారం కట్టింది.